ఆరు, ఏడు, ఎనిమిది: మన చదువుల్లో సొంతిల్లు లేని మూడు తరగతులు

మొన్న బళ్లు తెరిచిన వారంలో మా పక్కింటి అక్క నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల పుట్టింటి ఊళ్లో ఉన్న యూపీ (ప్రాథమికోన్నత) స్కూల్లో ఇక ఆరో తరగతి ఉండదట. వాళ్ల తమ్ముడి కూతురు ఐదు పూర్తి చేసింది, హైస్కూలేమో రెండున్నర కిలోమీటర్ల అవతల ఉంది. "అసలు ఆరో తరగతి చిన్న బడిదా, పెద్ద బడిదా? ఒకసారి అటు కలుపుతారు, ఇంకోసారి ఇటు కలుపుతారు. ఏదో ఒకటి తేల్చరా?"

అక్కకి అప్పుడు ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్న నిన్నమొన్నటిది కాదు, మన తాతల నాటి నుంచీ ఉంది, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పైగా ఈ మధ్య కొత్త విద్యా విధానం, బళ్ల విలీనం, ఎనిమిదిలో ఫెయిల్ చేస్తారన్న వార్త, టీచర్లకు టెట్ అనే అర్హత పరీక్ష తప్పనిసరి అన్న తీర్పు, అన్నీ ఒకేసారి వచ్చి పడటంతో తల్లిదండ్రులకి బాగా టెన్షన్‌గా ఉంది. ఈ వార్తలన్నీ చివరికి వచ్చి తగిలేది ఆ మూడు తరగతులకే. కాబట్టి మొదట్నుంచీ వద్దాం.

ముందు బోర్డు మీద పేర్లు చదువుదాం

మన పల్లెల్లో ప్రభుత్వ బడి గోడ మీద సాధారణంగా మూడు రకాల పేర్లు కనిపిస్తాయి. ఎంపీపీఎస్ అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి ఐదు. ఎంపీయూపీఎస్ అంటే మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల, ఒకటి నుంచి ఏడు లేదా ఎనిమిది. జడ్పీహెచ్ఎస్ అంటే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఆరు నుంచి పది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆరో తరగతి రెండు చోట్లా ఉంది. ఒకే మండలంలో ఇద్దరు పిల్లలు ఒకే ఆరో తరగతి పుస్తకం చదువుతుంటారు. కానీ ఒకరిది ఎంఈవో (మండల విద్యాధికారి) చూసే మండల పరిషత్ బడి, ఇంకొకరిది డిప్యూటీ ఈవో (ఉప విద్యాధికారి) చూసే జిల్లా పరిషత్ బడి. ఒకరికి చిన్న బడిలో పెద్ద తరగతి, ఇంకొకరికి పెద్ద బడిలో చిన్న తరగతి.

ఇక 2020 నాటి జాతీయ విద్యా విధానం 5+3+3+4 అంటుంది. బడికి ముందు మూడేళ్లూ, ఒకటి రెండు తరగతులూ కలిపి మొదటి ఐదేళ్లు. తర్వాత 3, 4, 5. ఆ తర్వాత 6, 7, 8. చివర 9 నుంచి 12. ఇందులో మూడోదాన్నే మిడిల్ స్టేజ్ అంటున్నారు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు: మిడిల్ స్టేజ్ అనేది చదువులో ఒక మెట్టు పేరు, ప్రతి ఊళ్లో మిడిల్ స్కూల్ అని వేరే బడి కడతారని దాని అర్థం కాదు. ఆ మెట్టుని ఏ బడిలో పెట్టాలన్నది రాష్ట్రాలే చూసుకుంటాయి. అక్క అడిగిన గొడవంతా మొదలయ్యేది ఇక్కడే.

ఫస్ట్ ఫారం, వస్తానియా: తాతల నాటి లెక్క

కోస్తా, రాయలసీమ ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవాళ్లు, ఎనిమిదో తరగతి థర్డ్ ఫారం. అది హైస్కూలు దారి, ఇంగ్లీషుతో కలిపి ఎస్ఎస్ఎల్‌సీ అనే హైస్కూలు చివరి పరీక్ష దాకా, అక్కడి నుంచి కాలేజీ దాకా పోయే దారి. దానికి పక్కనే ఇంకో దారి ఉండేది, హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు. అందులోనూ ఎనిమిది దాకా చదవొచ్చు, చివర ఈఎస్ఎల్‌సీ అనే పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. చదివింది అవే ఎనిమిదేళ్లు, కానీ ఒక దారి ముందుకు సాగేది, రెండోది చాలామందికి అక్కడితో ఆగిపోయేది.

ఆగిపోయేది అంటే తక్కువ చేసి చెప్పడం కాదు. ఎనిమిది పాసై ట్రైనింగ్ అయితే ఎలిమెంటరీ బడిలో పంతులు ఉద్యోగం దొరికేది, దాన్ని హయ్యర్ గ్రేడ్ అనేవాళ్లు. ఎస్ఎస్ఎల్‌సీ దాకా చదివి ట్రైనింగ్ చేసినవాళ్లు సెకండరీ గ్రేడ్. ఈరోజు టీచర్ ఉద్యోగాల కోసం వేసే డీఎస్సీ నోటిఫికేషన్‌లో కనపడే ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ అన్న మాట ఆ నాటి మిగులే. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే టీచర్‌ని సెకండరీ అని ఎందుకంటారో చాలామందికి అర్థం కాదు. అది ఆ టీచర్ చదివిన చదువుకి పెట్టిన పేరు, చెప్పే తరగతికి కాదు.

తెలంగాణ కథ వేరు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో. చిన్న బడి తహతానియా, మధ్య బడి వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. ఉర్దూలో వస్త్ అంటే మధ్య. అంటే హైదరాబాద్ రాజ్యంలో మధ్య బడికి సొంత పేరంటూ ఉండేది. మిడిల్ పాసయ్యాడు అనే మాట పాత తరం నోట ఇప్పటికీ వింటాం.

ఏడా, ఎనిమిదా? పద్నాలుగేళ్ల వయసు చుట్టూ నడిచిన లెక్క

ఎనిమిదో తరగతి దగ్గరే గీత ఎందుకు గీశారు? దీనికి జవాబు తరగతిలో లేదు, వయసులో ఉంది. 1937లో గాంధీ వార్ధాలో ప్రతిపాదించిన బేసిక్ విద్య ఏడేళ్ల చదువు, ఏడేళ్ల వయసు నుంచి పద్నాలుగు దాకా. 1944లో సార్జెంట్ నివేదిక దాన్ని ఆరు నుంచి పద్నాలుగు దాకా ఎనిమిదేళ్లు చేసింది. రాజ్యాంగంలో 45వ అధికరణం పిల్లలందరికీ పద్నాలుగేళ్లు నిండేదాకా ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించే ప్రయత్నం చెయ్యాలని రాసింది. అది 2002లో ప్రాథమిక హక్కుగా, 2009లో విద్యాహక్కు చట్టంగా మారి, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం చాలాకాలం గీత ఏడో తరగతి దగ్గరే ఉండేది. యూపీ స్కూళ్లు ఎక్కువగా ఏడుతో ముగిసేవి, ఎనిమిది నుంచి హైస్కూలు. అందుకే ఏడుకి కామన్ పరీక్షలు పెట్టేవాళ్లు. నా వయసు వాళ్లకి అది మొదటి పెద్ద పరీక్ష. కొత్త అట్ట, కొత్త పెన్ను, పొద్దున్నే గుడికెళ్లి బొట్టు పెట్టించుకుని, వేరే ఊరి బడిలో ఎవరిదో బెంచీ మీద కూచుని రాశాం. విద్యాహక్కు చట్టం ఎలిమెంటరీ అంటే ఒకటి నుంచి ఎనిమిది అని రాసేసరికి ఈ గీత ఒక తరగతి ముందుకు జరిగింది. చాలా యూపీ స్కూళ్లకి ఎనిమిదో తరగతి అప్పుడు వచ్చి చేరిందే.

ఆరో తరగతిలో నిజంగా ఏం మారుతుంది

ఇవన్నీ పెద్దవాళ్ల లెక్కలు. పిల్లల వైపు నుంచి చూద్దాం.

ఐదు దాకా ఒక టీచరే, అన్నీ ఆవిడే. ఏ పిల్లకి జ్వరమో, ఎవరి ఇంట్లో గొడవో ఆవిడకి తెలుసు. ఆరులోకి రాగానే గంట కొట్టిన ప్రతిసారీ మనిషి మారతాడు. లెక్కల సార్, సోషల్ మేడం, హిందీ సార్. ఎవరికి ఏ నోటుబుక్ ఇవ్వాలో, ఎవరు ఎర్ర పెన్ను వాడితే ఒప్పుకోరో నేర్చుకోవడానికే మొదటి నెల సరిపోతుంది. మన ప్రభుత్వ బళ్లలో హిందీ అక్షరాలు మొదలయ్యేది ఇక్కడే. పదకొండేళ్ల పిల్ల మళ్లీ అ, ఆ దగ్గర కూచుంటుంది, ఈసారి ఇంకో లిపిలో. లెక్కల్లో అంకెల మధ్యలోకి అక్షరాలు వస్తాయి, సున్నా కంటే తక్కువ సంఖ్యలు వస్తాయి. ఆరు, ఏడులో సామాన్యశాస్త్రంగా ఉన్నది ఎనిమిదిలో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా చీలుతుంది.

చట్టం కూడా ఈ మార్పుని గుర్తించింది. ఐదు దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1,000 గంటలు. మధ్యాహ్న భోజనంలో చిన్న తరగతులకి 100 గ్రాముల బియ్యం లెక్క, వీళ్లకి 150 గ్రాములు. పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే వయసు కదా, ఆకలీ అలాగే ఉంటుంది. ఆడపిల్లలు చాలామంది పెద్దమనిషయ్యేది కూడా ఈ మూడేళ్లలోనే. బడిలో నీళ్లున్న బాత్రూం ఉందా లేదా అన్నది అప్పుడు హాజరుపట్టీలో నేరుగా కనపడే విషయం.

ఇంత మార్పు జరుగుతుంటే, వెనక తరగతుల్లో మిగిలిపోయిన బాకీ కూడా ఇక్కడే బయటపడుతుంది. పల్లె పిల్లల చదువుని ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే 2022 లెక్క ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 70 శాతం, భాగహారం చెయ్యగలిగినవాళ్లు సుమారు 45 శాతం. అంటే ఎనిమిదో తరగతి గదిలో బీజగణితం చెప్పే సార్ ముందున్న పిల్లల్లో సగానికి పైగా ఇంకా భాగహారం దగ్గరే ఉన్నారు. తప్పు ఆ సార్‌ది కాదు, చిన్న తరగతుల్లో తీరకుండా మిగిలిందే వచ్చి ఆయన ముందు పడింది.

పీరియడ్ల లెక్క: కలపాలి అనేవాళ్ల వాదన

యూపీ స్కూల్లోని 6, 7, 8 తరగతులను హైస్కూల్లో కలపాలి అనేవాళ్ల వాదన అర్థం కావాలంటే ఒక టైంటేబుల్ వెయ్యాలి. ఉదాహరణకి ఒక యూపీ స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది కలిపి 34 మంది పిల్లలున్నారనుకుందాం. విద్యాహక్కు చట్టం ప్రకారం తరగతికి కనీసం ఒక టీచర్ చొప్పున ముగ్గురు ఉండాలి. ఆ ముగ్గురిలో లెక్కలు-సైన్సుకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు.

రోజుకి 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు. తరగతికి 48, మూడు తరగతులకి 144. ముగ్గురు టీచర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి 48. అంటే వారంలో ఒక్క ఖాళీ పీరియడ్ కూడా లేదు, నోటుబుక్కులు దిద్దడానికీ లేదు. ఒకరు సెలవు పెడితే ఆ రోజు 8 పీరియడ్లు గాలికి పోతాయి, రెండు తరగతులని ఒకే గదిలో కూచోబెట్టాల్సిందే. ఇంకాస్త లోపలికి వెళ్దాం. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటికీ కలిపి తరగతికి వారానికి 20 పీరియడ్లు అనుకుంటే మూడు తరగతులకి 60. భాషల టీచర్ ఒక్కరే, ఆ మనిషికి వారంలో ఉన్నవే 48. చట్టం చెప్పిన కనీస సంఖ్య ఉన్నా కూడా పని జరగదు. అందుకే లెక్కల సార్ ఇంగ్లీషు చెప్తుంటారు, ఒకటో తరగతి ఎస్జీటీ వచ్చి హిందీ చెప్తుంటారు.

ఇప్పుడు హైస్కూలు చూడండి. ఆరు నుంచి పది దాకా ఒక్కో సెక్షన్ ఉన్నా 240 పీరియడ్లు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, పీఈటీ (ఆటల టీచర్) అని ఎనిమిది మంది ఉంటే సగటున ఒక్కొక్కరికి 30. ప్రతి సబ్జెక్టుకీ ఆ సబ్జెక్టు చదివిన మనిషి ఉంటారు, ల్యాబ్ ఉంటే ఉంటుంది, ఆటస్థలం ఉంటుంది. అన్నిచోట్లా ఇలాగే పోస్టులు నిండి ఉంటాయని కాదు, లెక్క ఎటు మొగ్గుతుందో చూపించడానికి చెప్తున్నాను. నిజం చెప్పాలంటే కాగితం మీద ఈ వాదనని కొట్టెయ్యడం చాలా కష్టం.

నడక లెక్క: వద్దు అనేవాళ్ల వాదన

ఇప్పుడు అక్క వాళ్ల మేనకోడలి వైపు నుంచి లెక్క వెయ్యండి. బడి రెండున్నర కిలోమీటర్లు. నియమాల ప్రకారం 6-8 తరగతులకి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉంటే చాలు, కాబట్టి ఇక్కడ నిబంధన ఎక్కడా తప్పలేదు. రోజుకి రానూపోనూ ఐదు కిలోమీటర్లు, 220 రోజులకి 1,100 కిలోమీటర్లు. పదకొండేళ్ల పిల్ల ఏడాదిలో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లి తిరిగొచ్చినంత దూరం దాదాపుగా నడుస్తుంది, పుస్తకాల సంచి మోస్తూ, వానాకాలంలో కూడా. మధ్యలో వాగు ఉందా, హైవే దాటాలా, సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక చీకటి పడుతుందా అన్నది మ్యాపులో కనపడదు. రవాణా భత్యం కింద సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలో ఏడాదికి 6,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది. కానీ ఆటోవాడికి ప్రతి నెలా ఇవ్వాలి, భత్యం అలా నెలనెలా చేతికి రాదు.

దూరం పెరిగితే మొదట ఆగేది ఆడపిల్ల చదువు, ఈ మాట చెప్పడానికి నాకు సర్వే అక్కర్లేదు. నాతో ఐదు దాకా చదివిన ఒకమ్మాయి ఆరులో చేరి దసరా సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. కారణం మార్కులు కాదు, దారి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు లెక్కల మధ్యే విధానం ఊగిసలాడింది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ఇంకో అడుగు ముందుకేసి, వీలైనచోట 3, 4, 5 తరగతులను కూడా దగ్గరి హైస్కూళ్లకి పంపింది. చిన్నపిల్లలకీ సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది దాని ఉద్దేశం. ఊళ్లో బడి బోసిపోయిందని, చిన్నపిల్లలు రోడ్డు దాటాల్సి వస్తోందని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు ఎదిరించాయి. 2025లో ఆ జీవోని పక్కనపెట్టి, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. అంటే ఐదు దాకా చిన్న బడి వైపు వెనక్కి వచ్చింది. మరి మధ్యలో మిగిలిన యూపీ స్కూలు? పిల్లలు ఎక్కువున్నచోట హైస్కూలుగా పెంచడం, తక్కువున్నచోట ప్రైమరీగా తగ్గించడం. అక్క వాళ్ల ఊరు ఈ రెండో లెక్కలో పడింది.

నా మటుకు నాకు అనిపించేది ఇది: ఇద్దరి లెక్కా సరైనదే, కాకపోతే మొదటి లెక్క వేసేవాళ్లు బస్సుని కూడా టైంటేబుల్లో భాగంగా వెయ్యాలి. బడి తీసేసిన రోజునే బస్సు రావాలి, మరుసటి ఏడాది కాదు.

ఎనిమిదిలో ఫెయిల్ చెయ్యొచ్చా?

విద్యాహక్కు చట్టం మొదట ఎనిమిది దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదంది. 2019లో సవరణ చేసి, ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టుకోవచ్చని, తప్పినవాళ్లకి రెండు నెలల్లో మళ్లీ అవకాశం ఇచ్చి, అప్పటికీ పాసవ్వకపోతే ఆపొచ్చని రాష్ట్రాలకి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని బళ్లకి ఈ నియమాలు ప్రకటించింది. వార్తల్లో దేశమంతా ఫెయిల్ పద్ధతి వచ్చేసినట్టు చెప్పడంతో గందరగోళం అయింది. అలా కాదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రం నిర్ణయం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎలిమెంటరీ పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి పంపెయ్యడానికి మాత్రం వీల్లేదు.

పరీక్ష కావాలి అనేవాళ్లు పైన చెప్పిన భాగహారం లెక్కే చూపిస్తారు: చదవడం రాకుండా తొమ్మిదికి తోస్తే పదిలో కూలబడతారు. వద్దు అనేవాళ్లు అడిగేది: ఎనిమిదేళ్లు బడి నేర్పలేనిదానికి శిక్ష పిల్లకెందుకు, అదే పాఠం అలాగే ఇంకో ఏడాది చెప్తే వస్తుందా? బళ్ల వివరాలు కేంద్రం సేకరించే యూడైస్ లెక్కల్లో 2024-25లో దేశవ్యాప్తంగా బడి మానేసినవాళ్లు 6-8లో 3.5 శాతం, సెకండరీలో 8.2 శాతం. మొదటి పక్షం దీన్ని ఆలస్యంగా బయటపడ్డ వెనకబాటు అంటుంది, రెండో పక్షం ఎనిమిది దాకా పిల్లల్ని బడిలో నిలబెట్టిన ఫలితం అంటుంది. ఈ ఒక్క అంకెతో ఎవరి వాదనా నెగ్గదు.

టీచర్లకీ ఈ మూడు తరగతులు వేరేనే

టెట్‌లో పేపర్-1 అంటే 1-5, పేపర్-2 అంటే 6-8. మన వ్యవస్థలో ఈ మూడు తరగతులని విడిగా చూసిన అరుదైన చోటు ఇది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకి ఐదేళ్లకి మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు కొనసాగొచ్చుగానీ ప్రమోషన్ కావాలంటే పాసవ్వాలని చెప్పింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న టీచర్‌కి ఇప్పుడు పరీక్ష అంటే కష్టంగానే ఉంటుంది, ఆ బాధ నిజమైనదే. అలాగే లెక్కలు చెప్పే మనిషికి లెక్కలొచ్చని రుజువుండాలన్న మాటా కాదనలేం.

అమెరికాలో ఉన్న మనవాళ్లు మిడిల్ స్కూల్ అంటే

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టాలు మా వాడు మిడిల్ స్కూల్‌కి వెళ్తున్నాడు అంటే చాలాచోట్ల అది వేరే భవనం, వేరే ప్రిన్సిపాల్. అక్కడ కూడా మొదట ఎనిమిదేళ్ల చిన్న బడి, నాలుగేళ్ల హైస్కూలే ఉండేవి. 1909లో ఒహాయోలోని కొలంబస్‌లో జూనియర్ హైస్కూలు మొదలైంది. అది హైస్కూలుకి చిన్న నమూనాలా తయారైందని విమర్శలొచ్చాక, 1960ల నుంచి ఆ వయసు పిల్లల కోసమే ఆలోచించి మిడిల్ స్కూల్ అనేదాన్ని తీర్చిదిద్దారు. ఇద్దరు ముగ్గురు టీచర్లు ఒక జట్టుగా ఒకే పిల్లల గుంపుని చూసుకోవడం అందులో ఒక పద్ధతి. అంటే సబ్జెక్టు టీచరూ ఉంటారు, పిల్లని ఎరిగిన మనిషీ ఉంటారు. మన హైస్కూళ్లలో ఆరో తరగతికి ఇలాంటి ఏర్పాటు చెయ్యడానికి కొత్త భవనం కూడా అక్కర్లేదు.

రాబోయే రోజుల్లో

కొత్త విధానం 6-8 మధ్యలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలంటుంది. చేనేత ఊళ్లో ఏడో తరగతి పిల్లాడు మగ్గం దగ్గర కూచుని అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెడితే నిష్పత్తి పాఠం చేతికే వస్తుంది. ఆ పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో ఆ మగ్గం ఉంది కూడా. అయితే పని నేర్పడం పేరుతో వాళ్లని అదే పనికి కట్టేస్తారేమోనన్న భయం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నేతపని పిల్లాడు కంప్యూటర్ దగ్గరికీ, ఉద్యోగస్తుల పిల్ల మగ్గం దగ్గరికీ వెళ్తేనే ఆ పది రోజులకి అర్థం. ఎనిమిదిలో ఉన్న ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి కూడా తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పండి. పాసై ఎంపికైన పేద పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

అక్క మేనకోడలు చివరికి ఆ హైస్కూల్లోనే చేరింది. ఊళ్లో ఇంకో నలుగురు పిల్లలతో కలిసి ఆటో మాట్లాడుకున్నారు, ఆటో రాని రోజు మాత్రం నడకే. మొన్న ఫోన్ చేసి అత్తని ఏడు నోటుబుక్కులు కొనిపెట్టమందట. ఒకటి చాలదా అంటే, "ఒక్కో సార్‌కి ఒక్కోటి అత్తా, హిందీకి మాత్రం నాలుగు గీతలది" అందట.